మన తాతలు ఎక్కిన హైడ్రోజన్ బస్సు: కర్నూలు–కడప రోడ్డు మీద నాలుగు ఇంధనాల కథ

పోయిన ఎపిసోడ్‌లో కర్నూలు, కడపలకి రాబోయే ఎలక్ట్రిక్ బస్సుల గురించి రెండు నిమిషాలు మాట్లాడాను. కింద కామెంట్లు చూస్తే సగం మంది ఒకటే మాట అంటున్నారు. "అన్నా, ఎలక్ట్రిక్ పాతదైపోయింది, ఫ్యూచర్ అంతా హైడ్రోజనే. మనకెందుకు ఈ బ్యాటరీ బస్సులు?" సరే, ఈరోజు దాని సంగతే చూద్దాం. కాకపోతే నేను ఫ్యూచర్ నుంచి కాదు, వెనక నుంచి మొదలుపెడతాను.

మా అబ్బ చిన్నప్పుడు, అంటే రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో, బొగ్గు బస్సు ఎక్కినాడంట. పెట్రోలుకి రేషన్. మద్రాసు రాష్ట్రంలో బస్సులన్నీ ప్రైవేటు ఓనర్లవే, వాళ్ళకి పెట్రోలు దొరకదు. అందుకని బస్సు వెనకాల డ్రమ్ములాంటి ఒక పొయ్యి కట్టి, అందులో కట్టెబొగ్గు పోసి, కొద్దిగా గాలి తగిలేట్టు సగం సగం కాలుస్తారు. అప్పుడు ఒక గ్యాస్ వస్తుంది. దాన్ని వడగట్టి ఇంజన్‌కి పంపిస్తారు. బస్సు కదలాలంటే ముందు క్లీనర్ అరగంట సేపు చేత్తో బ్లోయర్ తిప్పాలి. ఎత్తు వస్తే జనం దిగి నడవాలి, ఒక్కోసారి తోయాలి. మా అబ్బ మాటల్లో చెప్పాలంటే, "టికెట్టు ఇచ్చినాం, మళ్ళా మేమే తోసినాం."

ఆ గ్యాస్‌లో ఏముంటుందో తెలుసా? ఎక్కువ భాగం నైట్రోజన్, మండేది ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్, దాంతో పాటు కొంచెం హైడ్రోజన్. అంటే ఒక రకంగా మన తాతలు హైడ్రోజన్‌తో నడిచే బస్సు ఎప్పుడో ఎక్కేశారు! యుద్ధం అయిపోయి పెట్రోలు మళ్ళీ మామూలుగా దొరకడం మొదలయ్యాక ఆ డ్రమ్ములు పాత ఇనుము సామాన్ల కొట్టుకి వెళ్ళిపోయాయి. ఎందుకు? అది ఇంజనీరింగ్‌గా పని చేయలేదని కాదు. చేసింది. కానీ రోజూ పొద్దున దాన్ని రాజెయ్యడానికి ఒక మనిషి ప్రాణం పోయేంత పని. అంతకన్నా తేలిక దారి దొరకగానే ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, అదే కర్నూలు–కడప దారిలో.

కేసీ కెనాల్ మనందరికీ తెలుసు. కర్నూలు–కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు తీసుకుని నంద్యాల మీదుగా కడప వైపు, దాదాపు 300 కిలోమీటర్లు. దాని కింద వరి పండుతుంది, అంతవరకూ తెలుసు. కానీ అది కట్టింది సాగునీటికి మాత్రమే కాదు. పడవలు తిప్పడానికి కూడా! అవును, కర్నూలు నుంచి కడపకి సరుకులు పడవల మీద వెళ్ళాలన్నది ప్లాన్. లాకులతో సహా కట్టారు.

దాని వెనక ఒక పెద్ద వాదన ఉంది. ఆ రోజుల్లో సర్ ఆర్థర్ కాటన్, మన గోదావరి ఆనకట్ట కాటన్ దొరే, ఇండియాకి రైళ్ళ కన్నా పడవ కాలువలు మేలని గట్టిగా వాదించేవాడు. నీళ్ళ మీద బరువు లాగడం చవక, పైగా అదే నీటితో పంట కూడా పండుతుంది అని. టెక్నికల్‌గా తప్పు మాట కాదు. ఆ ఆలోచన మీదే 1858లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పుట్టింది. లండన్‌లో షేర్లు అమ్మారు. 10 లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీ అని ప్రభుత్వం మాట ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా షేర్ హోల్డర్‌కి వడ్డీ ఖాయం. ఆ వడ్డీ ఎవరి డబ్బు? ఇక్కడి ఖజానాది. అంటే ఇక్కడి రైతు కట్టిన శిస్తు.

1863లో పని మొదలైంది. ఖర్చు అంచనా దాటిపోయింది. కాలువ పూర్తయ్యే సరికి నల్లరేగడి రైతులు నీళ్ళు తీసుకోవడానికి ముందుకు రాలేదు. ఆ నేలకి అలవాటైన జొన్న, పత్తి వానకే పండుతాయి, నీటి తీరువా ఎందుకు కట్టాలి అన్నది వాళ్ళ లెక్క. ఇంకో పక్క, మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా వెళ్ళిన రైలు 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైన్‌తో కలిసిపోయింది. సరుకు రైలెక్కింది. పడవల కథ అక్కడికి ముగిసినట్టే. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువని కంపెనీ దగ్గర కొనుక్కుంది. సాగునీటి కాలువగా అది మనకి ఈనాటికీ అన్నం పెడుతోంది. రవాణా దారిగా మాత్రం ఫెయిల్.

ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి ఫ్రెండ్స్. ఈ రోజు ఎపిసోడ్ అంతా ఈ రెండే. ఒకటి, ఈ బండికి రోజూ తిండి ఎక్కడ నుంచి వస్తుంది, ఎన్ని చేతులు మారి వస్తుంది? రెండు, లెక్క తప్పితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

ఇప్పుడు మన ఆర్టీసీ. 1932లో నిజాం రాజ్యంలో రైల్వే కిందనే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. కర్నూలు, కడప అప్పుడు మద్రాసు వైపు కాబట్టి మనకి ఆ బస్సులు లేవు. 1953 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, అప్పుడు కూడా లేవు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ వచ్చింది, ఆ తర్వాత ఒక్కో ప్రాంతం ఆర్టీసీ చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఆర్టీసీ అంటే బస్సు కాదు, డిపో. డిపోలో డీజిల్ బంకు, గ్యారేజీ, టైర్ల సెక్షన్, రాత్రి షిఫ్ట్ మెకానిక్. రాత్రి పదింటికి వచ్చిన బస్సు తెల్లారి నాలుగింటికి ట్యాంకు నిండి, కడిగి, రెడీగా ఉండాలి. ఏ ఊరికి ఫస్ట్ బస్సు రాకపోతే ఆ ఊరి పిల్లలకి ఆ రోజు కాలేజీ లేదు. నేను బీటెక్ చేసినన్నాళ్ళూ పల్లెవెలుగు మీదే వెళ్ళాను కాబట్టి నాకు ఈ సంగతి బాగా తెలుసు.

డీజిల్ గెలిచింది ఎందుకంటే ట్యాంకర్ వచ్చి డిపోలో పోసి పోతే అయిపోయింది. మధ్యలో ఇంకేం లేదు. ఇప్పుడు ఆ డీజిల్ స్థానంలో ఏం పెట్టాలి అన్నది అసలు ప్రశ్న.

ముందు ఇప్పటిదాకా జరిగింది చూద్దాం. 2022 సెప్టెంబర్ 27న తిరుపతిలో ఏపీఎస్ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. మొత్తం 100 బస్సుల ప్లాన్, అందులో సగం తిరుమల ఘాట్ రోడ్డుకి, కొన్ని తిరుపతి–కడప రూట్‌కి కూడా. ఘాట్ మీద ఎలక్ట్రిక్‌కి ఒక అందం ఉంది. కిందికి దిగేటప్పుడు బ్రేకు వేస్తే మోటారే జనరేటర్ లాగా తిరిగి బ్యాటరీలోకి కొంత కరెంటు వెనక్కి పంపిస్తుంది. తర్వాత 2023 ఆగస్టులో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ పథకం ఒప్పుకుంది, దేశం మొత్తానికి 10,000 బస్సులు. మన రాష్ట్రంలో 11 ఊళ్ళకి 750 అన్నారు. అందులో కర్నూలుకి 50, కడపకి 50.

మరి హైడ్రోజన్? 2023 జనవరిలో నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఒప్పుకున్నారు, 19,744 కోట్లు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీలో ఇండియన్ ఆయిల్ రెండు హైడ్రోజన్ బస్సులు దింపింది. లేహ్‌లో ఎన్టీపీసీ బస్సులు వచ్చాయి. మన రాష్ట్రంలో విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. అంటే హైడ్రోజన్ ఉత్త కబుర్లు కాదు, నిజంగానే డబ్బు పెడుతున్నారు.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. భయపడకండి, ఎంసెట్ లెవెల్ కూడా కాదు.

ఫ్యూయల్ సెల్ బస్సు కూడా లోపల ఎలక్ట్రిక్ బస్సే. తేడా ఏంటంటే బ్యాటరీలో కరెంటు మోయడం బదులు, ట్యాంకులో హైడ్రోజన్ మోసుకెళ్ళి, బస్సులోనే గాలిలో ఉన్న ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టిస్తుంది. పొగ గొట్టంలోంచి నీటి ఆవిరి వస్తుంది. వినడానికి చాలా బాగుంటుంది. కానీ ఆ హైడ్రోజన్ ఎక్కడ నుంచి వచ్చింది? గ్రీన్ హైడ్రోజన్ అంటే నీళ్ళని కరెంటుతో విడగొట్టాలి. ఒక కిలో హైడ్రోజన్‌కి, దాన్ని కుదించి సిలిండర్‌లోకి ఎక్కించడంతో కలిపి, సుమారు 55 యూనిట్ల కరెంటు. పెద్ద బస్సు 100 కిలోమీటర్లకి 8 నుంచి 10 కిలోలు తాగుతుంది. 9 అనుకుందాం. అంటే 100 కిలోమీటర్లకి దాదాపు 500 యూనిట్లు. అదే బ్యాటరీ బస్సు ఏసీ వేసుకుని, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి, 120 నుంచి 150 యూనిట్లలో అదే దూరం వెళ్తుంది.

రోజుకి 200 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు కర్నూలు నుంచి కడపకి ఒక సింగిల్. లెక్క కోసం యూనిట్ 7 రూపాయలు పెట్టుకోండి. బ్యాటరీ బస్సుకి 280 యూనిట్లు అనుకుంటే దాదాపు 2,000 రూపాయలు. డీజిల్ బస్సు లీటరుకి 5 కిలోమీటర్లు ఇస్తే 40 లీటర్లు, లీటరు 97 అనుకుంటే 3,900 దాకా. హైడ్రోజన్ బస్సుకి 1,000 యూనిట్లు, కరెంటు ఖర్చే 7,000. ప్లాంటు ఖర్చు, సిలిండర్ల ఖర్చు ఇంకా కలపలేదు. అదే కరెంటు, అదే రోడ్డు, మూడున్నర రెట్లు ఖర్చు. బొగ్గు బస్సు క్లీనర్ గుర్తున్నాడు కదా? ఇంధనానికీ చక్రానికీ మధ్య పని ఎంత పెరిగితే అంత పోతుంది.

ఇక్కడ నేను తప్పుగా అనుకున్న ఒక విషయం చెప్పాలి. ఈ స్క్రిప్ట్ మొదలుపెట్టినప్పుడు నా మెయిన్ పాయింట్ నీళ్ళు. "తాగడానికి నీళ్ళు లేని సీమలో నీళ్ళతో బస్సు నడుపుతారా?" అని థంబ్‌నెయిల్ కూడా మనసులో రాసేసుకున్నా. తీరా లెక్క వేస్తే, కిలో హైడ్రోజన్‌కి కెమిస్ట్రీ ప్రకారం 9 లీటర్ల నీళ్ళు. శుద్ధి చేసేటప్పుడు వృథా అయ్యేది కలిపి డబుల్ అనుకుందాం. బస్సుకి రోజుకి 18 కిలోలు అంటే 320 లీటర్లు. బస్సుని పైపుతో కడిగితే ఖర్చయ్యే నీళ్ళు కూడా ఇంచుమించు అంతే. 50 బస్సులకి 16,000 లీటర్లు, అంటే మూడు నాలుగు ట్యాంకర్లు. ప్లాంటు చల్లబరచడానికి ఇంకొంచెం. మండు వేసవిలో అది కూడా ఒక ఇబ్బందే, కాదనను. కానీ హైడ్రోజన్ వద్దు అనడానికి అది కారణం కాదు. అందుకే ఆ థంబ్‌నెయిల్ పెట్టలేదు. మన కరువు గురించి మనకున్న బాధ నిజమే గానీ, దాన్ని ప్రతి వాదనలో వాడుకోకూడదు.

హైడ్రోజన్ వైపు ఉన్న గట్టి వాదన వేరే ఉంది. దాన్ని కూడా నిజాయితీగా వినాలి. మన దగ్గర ఎండ ఫుల్లు. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్క్ 2017లోనే పూర్తయింది. అప్పట్లో ఒకే చోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. కానీ ఎండ పగలు, బస్సు ఛార్జింగ్ రాత్రి. పగటి కరెంటుని ఎక్కడో దాచాలి. హైడ్రోజన్‌గా మార్చి దాచితే బాగుంటుంది కదా, పైగా పది పదిహేను నిమిషాల్లో ట్యాంకు నింపుకోవచ్చు కదా అంటారు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు ఆ సోలార్ పార్క్ పక్కనే ఉంది. నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురం. అక్కడ గ్రీన్‌కో వాళ్ళ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్ళని పై రిజర్వాయర్‌కి తోడతారు, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. అవే నీళ్ళు పైకి కిందికి. ఇలాంటి పద్ధతిలో 100 యూనిట్లు దాచితే 75 నుంచి 80 వెనక్కి వస్తాయి. అదే 100 యూనిట్లని హైడ్రోజన్ చేసి, మళ్ళీ బస్సులో కరెంటు చేస్తే 30 దరిదాపు మిగులుతాయి. కొండ ఉన్న ఊరికి కొండే బ్యాటరీ. మన ఎర్రమల కొండలు ఆ పని చేస్తుంటే, మధ్యలో ఇంకో గ్యాస్ ఎందుకు?

ఇది వేరే దేశాలు అనుభవం మీద తెలుసుకున్నదే. కెనడాలో విస్లర్ అనే కొండ ఊరిలో 2010 వింటర్ ఒలింపిక్స్ కోసం 20 హైడ్రోజన్ బస్సులు పెట్టారు. హైడ్రోజన్ మాత్రం దేశం ఆ చివర ఉన్న క్యూబెక్ నుంచి లారీల్లో తెప్పించేవాళ్ళు. 2014లో ఆపేశారు. ఫ్రాన్స్‌లో మాంట్‌పెలియే ఊరు 51 హైడ్రోజన్ బస్సులు కొనాలనుకుని 2022 జనవరిలో వెనక్కి తగ్గింది. కిలోమీటరుకి హైడ్రోజన్‌తో 0.95 యూరో, ఎలక్ట్రిక్‌తో 0.15 యూరో అని వాళ్ళ లెక్క తేలింది. అటు చైనాలో షెన్‌జెన్ 2017 చివరికల్లా 16,000 పైచిలుకు బస్సులన్నిటినీ ఎలక్ట్రిక్ చేసేసింది.

"మరి లాంగ్ రూట్లు అన్నా? కడప–హైదరాబాద్ 400 కిలోమీటర్లు!" కరెక్టే. బరువు, దూరం రెండూ ఎక్కువైన చోట హైడ్రోజన్‌కి ఇంకా చోటుంది, లారీలకి మరీ. కానీ 2023 మే నుంచి హైదరాబాద్–విజయవాడ మధ్య తెలంగాణ ఆర్టీసీ ఈ-గరుడ బ్యాటరీ బస్సులు తిరుగుతున్నాయి, అది 270 కిలోమీటర్ల దారి. బ్యాటరీ ఏటా ఇంకొంచెం దూరం పోతోంది.

ఇంకో భయం మంట. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయిన సంగతి మనం మర్చిపోలేం. అది డీజిల్ బస్సే. ఏ ఇంధనమైనా బస్సు లోపల చిక్కుకున్న మనిషికి ముఖ్యం తలుపు తెరుచుకుంటుందా, అద్దం పగులుతుందా, ఆ సామాను డిక్కీలో ఏముంది అన్నది. ఎలక్ట్రిక్ వచ్చినా ఆ ప్రశ్న అడగడం మానొద్దు.

అంటే మొదటి ప్రశ్నకి జవాబు నా మటుకు తేలిపోయింది. సిటీకి, రెండొందల కిలోమీటర్ల రూట్లకి బ్యాటరీ బస్సే. డౌట్ లేదు. నాకు నిద్ర పట్టనిది రెండో ప్రశ్న.

ఈ బస్సులు ఆర్టీసీ కొనేవి కాదు. గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్ అంటారు. బస్సు ప్రైవేటు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, మెయింటెనెన్స్ కంపెనీది. ఆర్టీసీ కిలోమీటరుకి ఇంత అని కడుతుంది. టికెట్ డబ్బు ఆర్టీసీది. బస్సు నిండినా ఖాళీగా పోయినా కంపెనీకి కిలోమీటరు రేటు వస్తుంది. కేంద్రం 12 మీటర్ల బస్సుకి కిలోమీటరుకి 24 రూపాయలు, 9 మీటర్ల బస్సుకి 22 రూపాయలు సాయం చేస్తుంది, అది కూడా పదేళ్ళే. ఆర్టీసీలు డబ్బు కట్టలేకపోతే కంపెనీలు నష్టపోకుండా 2024లో 3,435 కోట్లతో ఒక గ్యారంటీ నిధి కూడా ఒప్పుకున్నారు.

గ్యారంటీ. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? 1858, లండన్, 5 శాతం.

నేను రెండూ ఒకటే అనడం లేదు. అప్పుడు పరాయి ప్రభుత్వం, ఇప్పుడు మనం ఓటేసిన ప్రభుత్వం. కోటి దాటిన బస్సు ఖరీదు ఆర్టీసీ ఒక్కసారిగా పెట్టలేదు, కాబట్టి ఈ పద్ధతికి కారణం ఉంది. బ్యాటరీ పాడైతే మార్చే తలనొప్పి కూడా కంపెనీదే. కానీ 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ఇప్పుడు కొత్త బస్సు మీద కొత్త డ్రైవర్ కంపెనీ జీతగాడు. పక్కపక్కన నడిచే రెండు స్టీరింగులు, రెండు జీతాలు. గ్యారేజీలో ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే మెకానిక్‌కి ఈ బస్సు బానెట్ తెరిచే పని లేదు. అతనికి కొత్త పని నేర్పిస్తున్నామా? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు వచ్చాక జనం పెరిగారు. బస్సులు ఎక్కువ కావాలి, టికెట్ డబ్బు తక్కువ వస్తుంది, కిలోమీటరు రేటు మాత్రం ఫిక్స్. ఆ తేడా ఎవరో ఒకరు పూడ్చాలి. పూడ్చకపోతే మొదట ఆగిపోయేది సిటీ బస్సు కాదు, రోజుకి రెండు ట్రిప్పులు వచ్చే పల్లె బస్సు.

కాబట్టి ఈ బస్సులు మీ ఊరికి వస్తే సెల్ఫీ దిగండి, తప్పులేదు. దాంతో పాటు మూడు విషయాలు కనుక్కోండి. డిపోకి సరిపడా హెచ్‌టీ లైన్ వేశారా? 50 బస్సులు ఒక రాత్రిలో ఛార్జ్ కావాలంటే రెండు మెగావాట్ల పైన కావాలి. మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, కాంట్రాక్ట్‌లో రాసినన్ని కిలోమీటర్లు నిజంగా తిరుగుతోందా? పదేళ్ళ తర్వాత కేంద్రం సాయం ఆగితే ఆ కిలోమీటరు రేటు ఎవరు కడతారు?

కేసీ కెనాల్ పడవల్ని చంపింది చెడ్డ ఇంజనీరింగ్ కాదు. మనకి ఏం కావాలో మనల్ని అడగకుండా, నష్టం మాత్రం మన మీద రాసిన కాగితం. మా అబ్బ అన్నట్టు టికెట్టు ఇచ్చి మళ్ళా మనమే తోసే పరిస్థితి రాకూడదు.

మీ ఊరి డిపోలో ఛార్జింగ్ పనులు మొదలయ్యాయా? ఏ డిపో, ఏం కనిపించింది, కింద రాయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా బొగ్గు బస్సు ఎక్కి ఉంటే వాళ్ళని అడిగి అది కూడా రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా ఫ్రెండ్స్.